ఒక మాలంత చలి

గురువారం పొద్దున ఐసు ఆటో వచ్చింది. కామారెడ్డి నుంచి రోజూ గడ్డలు తెచ్చే డ్రైవరు గోనెపట్టా తీసి, ఒక్కో గడ్డను మా వాకిట్లో పరిచిన ఊక మీదికి జార్చుతూ, ఎండల గురించి మాట్లాడే గొంతుతోనే "అక్కా, మీ బరఫ్ సారు పోయిండట" అన్నాడు.

"యాడికి?"

"యాడికేంది అక్కా. సచ్చిపోయిండు. అయిదారు దినాలైతుందట."

అప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అయ్యో అనలేదు, రామా అనలేదు. "నీళ్లల్ల కూసోనేనా?" అన్నాను.

"నాకేం ఎర్క. ఇంట్లనే అన్నరు" అని ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఎల్లారెడ్డిలో, పోచారం పోయే రోడ్డు మీద ఉంటుంది మా ఇల్లు. చేపలు అమ్ముకునేవాళ్లకు మా ఇంటాయన ఐసు అమ్ముతాడు. ఇంటి వెనక వాకిట్లో ఒక సిమెంటు గోలెం ఉంది. బర్రె ఉన్న రోజుల్లో అందులో కుడితి పోసేవాళ్లం. బర్రెను అమ్మేశాక ఖాళీగా పడి ఉండేది. ఆ గోలెంలో నీళ్లు నింపి, ఐసు గడ్డలు వేసుకుని, ఆదివారం ఆదివారం నడుముదాకా మునిగి కూర్చుని వెళ్లే మనిషి ఆయన. బరఫ్ అంటే ఐసే, అందుకే అందరికీ బరఫ్ సారు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నేను ఆయనను నమ్మిన రోజులు చాలా తక్కువ. అందుకని ఉన్నది ఉన్నట్టే రాస్తాను. నేను బడికి పోలేదు, మా బాపు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలకు దేవునికీ బాపుకూ రోజూ దండం పెట్టుకుంటాను. వాటితో అబద్ధం రాయబుద్ధి కాదు.

ఆ గురువారం నాకు దుఃఖం కన్నా ముందు అనుమానం రావడానికి కారణం ఉంది. మా బిడ్డ మౌనిక ఆ శనివారమే కామారెడ్డిలో సైకిలెక్కి, రెండు వందల కిలోమీటర్లు తొక్కి, సాయంత్రానికి ఎల్లారెడ్డి చేరాలి. తెల్లారి ఆదివారం మళ్లీ నూట యాభై. ఆ రెండింటి నడుమ, సారు కూర్చున్న గోలెంలోనే తానూ కూర్చుంటానని నెల రోజులు నా వెంటపడి ఒప్పించింది. ఇప్పుడు ఆ గోలెంలో కూర్చున్న మనిషే పోయాడు.

"ఎట్ల పోయిండో తెలిసేదాంక గోలెం ముట్టద్దు" అన్నాను.

"అయితె తెలుసుకో" అంది. దానికి నా మొండితనమే వచ్చింది.

ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది రెండేళ్ల కింద, వడగాడ్పులు మొదలైన రోజుల్లో. గేటు దగ్గర సైకిలు దిగి, దిగగానే లోపలికి రాలేదు. ముందు చక్రాన్ని వేలితో నొక్కి చూశాడు, వెనక చక్రాన్ని నొక్కి చూశాడు, మళ్లీ ముందుదాని దగ్గరికి వచ్చి నొక్కాడు. యాభై అయిదు దాటిన మనిషి. ఒంటి మీద ఎక్కడా పిడికెడు అదనపు మాంసం లేదు. బిగుతు నిక్కరు. ఎండకు నల్లబడిన తొడ, నిక్కరు అంచు దగ్గర గీత గీసినట్టు తెల్లబడింది. కాళ్ల మీద ఒక్క వెంట్రుక లేదు. గీయించుకున్నాడన్నమాట! ఆడపిల్ల ఉన్న ఇల్లు మాది. తల పక్కకు తిప్పుకున్నాను. ఆయనకది అర్థమైనట్టుంది, వీపు సంచిలోంచి తువ్వాల తీసి నడుముకు చుట్టుకున్నాకే గేటు దాటాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ తువ్వాల లేకుండా మా వాకిట్లో అడుగు పెట్టలేదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

"సగం గడ్డ కావాలె" అన్నాడు.

మా ఇంటాయన గడ్డలు పగలగొట్టే చువ్వ అందుకుంటూ "ఎన్ని చేపలున్నయి సార్?" అని అడిగాడు.

"చేపలు లెవ్వు. నేనే."

మా ఇంటాయన చువ్వ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. అప్పుడాయన విప్పి చెప్పాడు. పొద్దున కామారెడ్డిలో బయలుదేరి మహమ్మద్‌నగర్ దాకా పోయి, అక్కడినుంచి తిరిగి పోచారం చూసుకుని వచ్చాడట. రేపు పొద్దున మళ్లీ తొక్కాలట. ఇట్లా వరస రోజుల్లో తొక్కేటప్పుడు కాళ్లను కాసేపు చల్లటి నీళ్లలో పెడితే నొప్పి తగ్గుతుందట, రెండో రోజు కాళ్లు మాట వింటాయట. గోలెం వైపు చూసి "అది ఖాళీగనే ఉన్నదా?" అన్నాడు. "మీదే అనుకోండ్రి సార్" అన్నాడు మా ఇంటాయన, నన్నొక మాట అడగకుండానే.

గోడ అవతల బీడీలు చుట్టుకునే లచ్చవ్వ, చాట ఒళ్లో పెట్టుకుని అంతా చూసింది. ఆయన పోగానే గోడ మీదినుంచి తల పెట్టింది.

"గాయన ఏదన్న తప్పు చేసి పారిపోయొచ్చిండేమో సూడు. పెయ్యి మీద ఏదో మచ్చ పోగొట్టుకుంటున్నడు."

"మచ్చలేం లెవ్వు."

"నువ్వు సూసినవా?" అని కళ్లెగరేసింది లచ్చవ్వ. "అయితె మందు తాగేటోడు. దిగనీకి కూసుంటున్నడు."

"తాగినోడు నూరు కిలోమీటర్లు తొక్కుతడా అవ్వా?"

"అయితె మొక్కు."

మొక్కు అయితే నాకేం అభ్యంతరం లేకపోయేది. కార్తీకంలో తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకుని తడిబట్టతో దీపం పెట్టేదాన్ని నేను. చలి నాకు కొత్త కాదు. కానీ ఆయన గోలెంలో దిగేటప్పుడు దేవుని పేరు తీయలేదు, దిక్కుకు దండం పెట్టలేదు. దేవుడు లేకుండా అంత బాధ ఎందుకు పడతాడు ఒక మనిషి? నా అనుమానమంతా అక్కడే మొదలైంది.

ఈ మాట ఒకసారి ఆయననే అడిగాను. ఆయన తిరిగి నన్నే అడిగాడు. "కార్తీకంల చన్నీళ్లు పోసుకున్నంక ఒంటికి ఎట్లుంటదమ్మా?"

"నేను ఒంటి కోసం పోసుకోను."

"సరే. ఒంటికి ఎట్లుంటది?"

ఎప్పుడూ ఆలోచించలేదు. "తేలికైతది" అన్నాను.

"నాకు గంతే. మీకు పుణ్యం గూడ వస్తది, నాకు రాదు. గదొక్కటే ఫరక్."

ఆయనకు ప్రతిదాని మీదా అనుమానమే. ఇది తెలిసేసరికి కొన్ని వారాలు పట్టింది. టీ ఇస్తే వాసన చూసి తాగేవాడు. తన కళ్లముందు లేని సీసాలో నీళ్లు తాగేవాడు కాదు. గోలెం అడుగున పాకుడు ఉందేమోనని ముందు చేత్తో తడిమేవాడు. నీళ్లలో వేయడానికి దారం కట్టిన థర్మామీటరు ఒకటి తెచ్చుకునేవాడు, దాని పక్కనే ఇంకోటి.

"రెండెందుకు సారూ?" అన్నాడు మా ఇంటాయన.

"ఒకటి అబద్ధం చెప్తె రెండోది పట్టిస్తది."

"రెండూ అబద్ధం చెప్తె?"

ఆయన రెండు దారాలూ సరిచేశాడు. "రెండూ ఒక్కటే అబద్ధం చెప్పవు" అన్నాడు, నవ్వకుండా.

అన్నింటికన్నా ఎక్కువ అనుమానం ఆయనకు తన మీదే. "చల్లట్ల కూసున్నోని మాట నమ్మద్దు" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నీళ్లలో కూర్చున్నాక మొదట ప్రాణం పోయేటట్టు ఉంటుందట. కొంతసేపటికి హాయిగా ఉంటుందట. ఆ హాయి దగ్గరే మోసమట. ఇంకా కూర్చో, ఇంకా కూర్చో అని ఒళ్లే చెప్తుందట. ఎప్పుడు లేవాలో కూర్చున్నవాడికి తెలియదు, ఒడ్డున ఉన్నవాళ్లే చెప్పాలి. అందుకే తన ఇంట్లో ఒక్కడే కూర్చోకుండా, మనుషులున్న వాకిలి వెతుక్కున్నాడు. గడియారం కూడా విప్పి సంచిలో పెట్టేవాడు. చేతికి ఉంటే ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషమని తనను తానే మోసం చేసుకుంటాడట.

మొదట ఆ కాపలా మా ఇంటాయనకు పడింది. చేపలవాళ్లు పిలిస్తే ముందు వాకిట్లోకి పోయేవాడు. తిరిగొచ్చి "అయిపోయింది సార్" అని నోటికొచ్చినప్పుడు చెప్పేవాడు. మూడో వారమో నాలుగో వారమో సారు నా వైపు తిరిగాడు. నేను తులసి గద్దె దగ్గర కూర్చుని జపం చేసుకుంటున్నాను.

"అమ్మా, మీ మాల ఒక్కసారి తిరగనీకి ఎంతసేపు పడ్తది?"

"నాకేం ఎరుక. దేవునికాడ గడియారం పెట్టుకుంటమా?"

ఆయన సంచిలోంచి గడియారం తీసి, ఒక మాల అయ్యేదాకా చూశాడు. పదకొండు నిమిషాలు. "సరిగ్గ సరిపోయింది" అన్నాడు. "ఇంకనుంచి మీరే నా లెక్క. మాల అయితెనే లేస్త. నడుమ నడుమ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా ఊర్లు ఒరుసగ చెప్పుమని అడుగుండ్రి. జవాబు తిక్కగ వస్తే మాల అయ్యేదాంక ఆగద్దు, లేపుండ్రి."

"నేనెందుకు జూడాలె? మీ ఇంటోళ్లను తోలుకరారాదు?"

"మా ఇంటోళ్లు నమ్ముతరమ్మా. మంచిగున్న అంటే మంచిగున్నడనే అనుకుంటరు. మీరు నన్ను నమ్మరు. నాకు గదే కావాలె."

ఎవరైనా ఒక మనిషిని ఇట్లా మెచ్చుకుంటారా? కోపం వచ్చింది. కానీ అది నిజం. ఆనాటినుంచి ఆదివారం నా జపం గోలెం పక్కన పడింది. ఆయన తువ్వాలతోనే నీళ్లలోకి దిగేవాడు, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చేవాడు, తర్వాత చేతులు గోలెం అంచు మీద పెట్టుకుని కళ్లు తెరిచే కూర్చునేవాడు. నేను నడుమలో అడిగేదాన్ని. "ఎల్లారెడ్డి, లింగంపేట, తాడ్వాయి, కామారెడ్డి" అని బడిపిల్లవాడిలా చెప్పేవాడు. మాల పూర్తికాగానే "మాల అయింది, లేవుండ్రి సారూ" అనేదాన్ని. లేచేవాడు. ఆయన తొందరగా పోతే బాగుండుననిపించిన రోజుల్లో పూసలు గబగబా తిప్పేదాన్ని. ఒకసారి తువ్వాల పిండుకుంటూ "ఇయ్యాల రాముణ్ని ఉరికిచ్చిన్రమ్మా, ఎనిమిది నిమిషాలే" అన్నాడు. ఎట్లా తెలిసిందో నాకు తెలియదు.

మౌనిక కామారెడ్డిలో డిగ్రీ చదువుతుంది. రోజూ బస్సులో పోయి వచ్చేది. ఒక సాయంత్రం బస్సు దిగాల్సిన పిల్ల గేర్ల సైకిలు మీద వచ్చి వాకిట్లో ఆగింది. పాత సైకిలు, ఎవరో సీనియర్ అమ్మాయిదట. అక్కడ ఆడపిల్లలు పదిమంది కలిసి తొక్కుతున్నారట. వాళ్లకు దారి చూపించేదెవరంటే, బరఫ్ సారట.

ఇంకేం కావాలి నాకు. ఐసు ఊళ్లో ఇంకో రెండుచోట్ల దొరుకుతుంది. మా వాకిలే ఎందుకు? మా గోలెమే ఎందుకు? రెండు నెలలుగా ఆయన నా కళ్లముందు తెలివిగా ఏదో నడిపించాడనిపించింది. తర్వాతి ఆదివారం ఆయన రావడానికి ముందు మౌనికను పీట మీద కూర్చోబెట్టి, గుప్పెట్లో రాళ్లుప్పు, ఎండు మిరపకాయలు తీసుకుని దిష్టి తీశాను. తీసినదాన్ని నిప్పుల్లో వేయాలి, లేదంటే నీళ్లలో వదలాలి. నీళ్లు ఎదురుగానే ఉన్నాయి. ఎవరి కళ్లు పడ్డాయో వాళ్ల నీళ్లలోనే కరగనీ అనుకుని, ఆయన కోసం నింపి పెట్టిన గోలెంలో వేశాను. మా ఇంటాయన దాని మీద ఐసు గుమ్మరించాడు.

ఆయన వచ్చాడు, చక్రాలు నొక్కాడు, తువ్వాల చుట్టుకున్నాడు. దిగి కూర్చున్నాడు. నేను పూసలు తిప్పుతూ ఓరకంట చూస్తున్నాను. ఐసు ముక్కల నడుమనుంచి ఎర్రటి మిరపకాయ ఒకటి తేలి ఆయన చేతి దగ్గరికి వచ్చింది. వెనకే ఇంకోటి. ఆయన ఒకదాన్ని తొడిమ పట్టుకుని పైకెత్తాడు.

"ఏందమ్మా, నన్ను పచ్చడి పెడ్తున్రా?"

గోడ అవతల లచ్చవ్వకు నవ్వు ఆగక చాట మీద ఆకు ఎగిరిపోయింది. నేను భూమిలోకి దిగిపోయినంత పని అయింది. ఆయన ఇంకేమీ అడగలేదు. మాల అయ్యాక లేచి, ఒక్కో మిరపకాయను ఏరి, లెక్కపెట్టి, కాగితంలో పొట్లం కట్టి వెనక జేబులో పెట్టుకున్నాడు. "ఏడున్నయి గదా. ఏడే ఏసిన్రు గదా?" అన్నాడు. ఏడే వేశాను. "పొయ్యేటప్పుడు మూడు బాటల కాడ పడేస్త. ఇంట్ల ఉండద్దు గివి."

అంటే అది ఏమిటో, ఎవరి మీదికో అంతా తెలుసు. తెలిసి మోసుకుపోయాడు. ఆ మంచితనం మీద కూడా నాకు అనుమానమే వచ్చింది. మరీ మంచిగా ఉండేవాళ్లను చూస్తే అంతే నాకు.

ఇక ఆ రోజు గురించి రాయాలి. పోయిన వానాకాలం, ముసురు పట్టిన ఆదివారం. గాలికే చలిగా ఉంది. ఆయన గోలెంలో ఉన్నాడు, నేను పూసలు తిప్పుతున్నాను. నా మాలలో ఒక నల్లపూస ఉంది. పాత పూస పగిలితే మా బాపు ఎక్కించినది. అది నలభై మూడోది. వేలు దాని మీదికి వచ్చినప్పుడు, లోపల మౌనిక ఫోనులో ఎవరితోనో అంటున్న మాట చెవిన పడింది. "నేను గూడ ఐసుల కూసుంట. అమ్మకు చెప్ప. సారు ఉంటడు గదా."

లేచాను. మాలను చేతికి చుట్టుకుని లోపలికి పోయాను. సారు ఉంటడు గదా అనే మాట నా నెత్తిలో మోగుతోంది. ఏమేమి అన్నానో గుర్తు లేదు. అదీ తక్కువ అనలేదు. "నీకు అందరి మీద అనుమానమే, నా మీద గూడ" అంది. "అవును, నీ మీద గూడ" అన్నాను. ఏడ్చింది, ఏడ్చాను. చదువు మానిపిస్తానన్నాను, సైకిలు బావిలో వేస్తానన్నాను. ఎంతసేపు? అరగంట అయి ఉంటుంది.

మా ఇంటాయన లోపలికి తొంగి చూసి "సారు ఇంకా పోలేదా? సైకిలు ఉన్నది" అన్నాడు.

అప్పుడు చేతికి చుట్టుకున్న మాల చూసుకున్నాను.

గోలెంలో ఆయన అట్లాగే కూర్చుని ఉన్నాడు. నేను చెప్పలేదు కాబట్టి లేవలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి నవ్వాడు. రెండేళ్లలో ఆయన పళ్లు కనపడేటట్టు నవ్వింది అదొక్కసారే. "సారూ, ఊర్లు చెప్పుండ్రి" అన్నాను. "ఎల్లారెడ్డి" అన్నాడు. ఆగాడు. "ఎల్లారెడ్డి... ఎల్లారెడ్డి..." అన్నాడు.

మా ఇంటాయన, మౌనిక చెరో రెక్కా పట్టుకుని ఎత్తారు. వణకడం లేదు. వణకడం ఆగిపోతే అది మంచి గుర్తు కాదని ఆయనే ఎప్పుడో చెప్పాడు. లచ్చవ్వ గోడ దిగి వచ్చి "ఉడుకుడుకు నీళ్లు పొయ్యిండ్రి, కాళ్లు రుద్దుండ్రి" అని అరుస్తోంది. నేను అడ్డం నిలబడ్డాను. "రుద్దద్దు. ఉడుకు నీళ్లు పొయ్యద్దు. తడి తీసి పొడిగ కప్పుండ్రి, గంతే." అవన్నీ ఆయన మాటలే. నమ్మకుండా వింటూనే అన్నీ గుర్తుపెట్టుకున్నానని అప్పుడే నాకు తెలిసింది. మా ఇంటాయన తడిబట్ట మార్చాడు. ఇంట్లో ఉన్న రెండు బొంతలు, నా పెళ్లినాటి శాలువా, ఆఖరికి పొడి గోనెసంచులు కూడా కప్పాం. దవాఖానకు తీసుకుపోవడానికి ఆటోకు ఫోను చేశాం. అది వచ్చేలోపు బొంతల కింద కదలిక మొదలైంది. పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. ఆ చప్పుడుకు నేను పెట్టినంత దండం ఏ గుడి గంటకూ పెట్టలేదు.

దవాఖానలో చూపించుకుని, సాయంత్రం సైకిలు తీసుకుపోవడానికి వచ్చాడు. టీలో బెల్లం ఎక్కువ వేసి ఇచ్చాను. ఆ రోజు వాసన చూడకుండా తాగాడు.

"తప్పు నాది సారూ" అన్నాను.

"కాదు, నాది. థర్మామీటర్లు రెండు పెట్టుకున్న, మనిషిని ఒక్కరినే పెట్టుకున్న." గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మౌనికను పిలిచాడు. "కూసుంట అన్నవట ఐసుల? ఎవరు చెప్పిన్రు నీకు? నీయి ఇప్పుడిప్పుడే బలం పడుతున్న కాళ్లు. తొక్కినప్పుడల్ల చల్లట్ల పెడితె అవి నేర్చుకునేది నేర్చుకోవు. నొప్పి ఉండనీ. ఇయ్యాల తొక్కి, రేపు గూడ తొక్కేదుంటెనే ఈ పని. గది గూడ ముందు డాక్టర్‌కు గుండె చూపిచ్చుకోని, మీ అమ్మ పక్కన ఉంటెనే. నేనుంటె కాదు, మీ అమ్మ ఉంటెనే."

నా అనుమానానికి ఇంత విలువ ఇచ్చిన మనిషి ఆయనొక్కడే అని అప్పుడైనా అర్థం కావాలి. కాలేదు. ఇదంతా నన్ను మెత్తబరచడానికేమో అనుకున్నాను.

ఆ తర్వాత దసరా దాకా వచ్చాడు. మనుషులను కూడా ఇద్దరిని పెట్టుకున్నాడు, నేనొకతె, లచ్చవ్వ ఒకతె. ఆఖరి ఆదివారం నీళ్లలో దిగలేదు. మోకాలు బాగాలేదన్నాడు. పోతూ పోతూ రెండు థర్మామీటర్లూ తీసి మా గోడ మేకుకు తగిలించాడు. "ఈడనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. అన్నింటినీ అనుమానించే నేను, రెండింటినీ ఎందుకు వదిలిపోతున్నాడని మాత్రం అనుమానించలేదు.

శుక్రవారం బస్సెక్కి కామారెడ్డి పోయాను. మౌనిక ఇల్లు చూపించి, కాలేజీకి పోయింది. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ముందు దీపం.

"ఎవరమ్మా మీరు?"

"ఎల్లారెడ్డి నుంచి. ఐసు అమ్ముతం."

ఆమె తల ఎత్తి నన్ను కాళ్లనుంచి నెత్తిదాకా చూసింది. "ఓహో. నువ్వేనా" అంది.

మీరు కాస్తా నువ్వు అయింది. ఎందుకో ఆమె మీద కోపం రాలేదు. ఆ చూపు నాకు తెలిసిన చూపే.

"ఆదివారం ఆదివారం యాడికి పోతున్నవయ్యా అంటే, ఎల్లారెడ్డిల ఒకామె మాల తిప్పుతది, నేను నీళ్లల్ల కూసుంట అన్నడు. గిసొంటి మాట ఏ పెండ్లాం నమ్ముతది చెప్పు?"

కొంగుముడి విప్పి మాల తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె పూస పూస లెక్కపెట్టింది. నేను ఆగాను. నల్లపూస దగ్గర ఆమె వేలు కూడా ఆగింది.

"ఎంతసేపు పడ్తది?"

"పదకొండు నిమిషాలు."

"తొందరపడితె?"

"ఎనిమిది."

ఆమె మాల నా చేతికిచ్చేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గదే చెప్పిండు" అంది. అది నవ్వో ఏడుపో రెండూనో.

దసరా ముందే, గుండె కొట్టుకోవడం లయ తప్పుతోందని డాక్టరు చెప్పాడట. చలి వద్దన్నాడు, దూరాలు వద్దన్నాడు. సైకిలు తుడిచి పెట్టుకుని కూర్చునేవాడట. పోయిన నాడు మధ్యాహ్నం వరండాలో ఎండకు కుర్చీ వేసుకుని టీ తాగుతూనే పోయాడు. "నేను పట్టుకుంటె చెయ్యి ఎచ్చగనే ఉండె" అంది.

అడగాల్సింది అడిగాను. "ఆ చల్లనీళ్లతోటేనా?"

"నేను గూడ అడిగిన డాక్టర్‌ను. పాత జబ్బే ఉండొచ్చు అన్నడు. నీళ్లతోటి అని చెప్పలేను, కాదని గూడ చెప్పలేను అన్నడు."

నేను పోయింది జవాబు కోసం. దొరికింది ఇంతే. చావు జరిగిన ఇంట్లో పోయొస్తానని చెప్పకూడదు కాబట్టి, చెప్పకుండా లేచి వచ్చాను. కాలేజీ గేటు దగ్గర మౌనికను పట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. గుండె పరీక్ష చేయించాను. బాగుందన్నాడు. సరిపోలేదు నాకు. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. "ఏందే అమ్మా, బరఫ్ సారు లెక్క అయినవ్" అంది మౌనిక. రెండో ఆయన కూడా బాగుందన్నాడు. దేవుని దయ.

శనివారం ఎండ వాలే వేళకు మౌనిక వచ్చింది. సైకిలు దిగి నిలబడలేక గేటు పట్టుకుంది. ముఖమంతా ఉప్పు పేరుకుని, కళ్లు మాత్రం వెలుగుతున్నాయి. గోలెం నింపి పెట్టాను. అడుగు చేత్తో తడిమాను. మేకు మీది థర్మామీటర్లు రెండూ వేసి, రెండూ ఒక్కటే మాట చెప్పేదాకా ఐసు కలిపాను. లచ్చవ్వ చాట తీసుకుని అటు పక్క కూర్చుంది. నేను ఇటు పక్క.

అది దిగింది. "అమ్మో" అని ఒక్క కేక పెట్టింది. నేను మాల మొదలుపెట్టాను. కళ్లు దాని పెదవుల మీదినుంచి తీయలేదు.

కొంచెంసేపటికి అడిగాను. "ఊర్లు చెప్పు."

"ఎల్లారెడ్డి, లింగంపేట, తాడ్వాయి, కామారెడ్డి."

ఇంకొన్ని పూసలు. నల్లపూస దాటింది. "ఊర్లు చెప్పు."

"ఎల్లారెడ్డి, లింగంపేట, బొంబాయి" అని కిసుక్కున నవ్వింది.

"లే."

"తమాషకన్న అమ్మా! మంచిగనే ఉన్న."

"చల్లట్ల కూసున్నోళ్ల మాట నమ్మద్దు. లే."

"మాల కాలేదు గదా!"

"లే బిడ్డా, లే" అంది లచ్చవ్వ, బీడీ దారం నోట్లోనే పెట్టుకుని. "మీ అమ్మ ఇయ్యాల బ్రహ్మదేవుడు చెప్పినా ఇనదు."

లేచింది. తిట్టుకుంటూనే తువ్వాల చుట్టుకుని, ఊర్లన్నీ వరసగా, తప్పు లేకుండా, నాకు వినపడేటట్టు అరుస్తూ లోపలికి పోయింది. వేడి వేడి అన్నం పెట్టమని మా ఇంటాయన మీద గొంతు పెంచింది. ఆ గొంతు విని నా మనసు కుదుటపడింది.

గోలెంలో ఐసు ముక్కలు ఇంకా తేలుతున్నాయి. నా చేతిలో మాల సగంలో ఉంది. నేను దాన్ని నడుమలో వదిలింది నా జన్మలో ఒక్కసారే. నలభై మూడో పూస మీద లేచిపోయి, ఆ జపాన్ని మళ్లీ అందుకోలేదు. ఎవరికీ చెప్పలేదు, దేవునికి కూడా. అందుకే లేవలేదు. మనిషి లేని గోలెం పక్కన కూర్చుని మిగిలిన పూసలు తిప్పాను. ఉరికించలేదు. ఒక్కో పేరు పూర్తిగా పలికాను.

ఆఖరి పూస అయ్యాక, "మాల అయింది, లేవుండ్రి సారూ" అన్నాను.

"ఎవలతోటి మాట్లాడుతున్నవే?" అంది లచ్చవ్వ.